అన్నం సరే, కూర సంగతేమిటి?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటయిందో ఆయన్ని యార్డులో పేరు పెట్టి పిలిచినవారు తక్కువ. రైతులకు, తూకం వేసే దడవాయిలకు, కమీషన్ ఏజెంట్లకు ఆయన సెక్రటరీ గారే. నేనూ ఇవాళ అలాగే పిలుస్తాను. ఉద్యోగ జీవితమంతా మార్కెట్ కమిటీల్లో గడిపిన మనిషి. ఫైళ్లు పొద్దెక్కాకే ముట్టుకునేవారు. అంతకుముందు ఆయన పనంతా యార్డులోనే, కాంటాల దగ్గర. పెద్ద సమావేశాల్లో ఆహార భద్రత అనే మాట వచ్చినప్పుడల్లా ఆయనకు ఒక బాధ ఉండేది. అక్కడ బియ్యం గురించి మాట్లాడేవారు, గోధుమల గురించి మాట్లాడేవారు, వంకాయ గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ బాధే ఇవాళ నా విషయం.

బియ్యం విషయంలో మనం చాలా దూరం వచ్చాం. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టం చేసింది. అర్హులైనవారికి మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం హక్కయింది. మద్దతు ధర, కొనుగోలు కేంద్రం, గిడ్డంగి, రేషన్ షాపు అని పొలం నుంచి ఇంటిదాకా ప్రభుత్వం వేసిన దారి ఒకటుంది. లోపాలున్నాయి, అయినా దారి ఉంది. మరి కూరగాయలకు, ఆకుకూరలకు, పండ్లకు? వాటికి పొలానికీ పళ్లేనికీ మధ్య ఉన్న ప్రధాన ప్రజా వ్యవస్థ ఒక్కటే, టోకు మార్కెట్. అదేమో మన ఆహార భద్రత లెక్కల్లో ఎక్కడా కనిపించదు. మార్కెటింగ్ శాఖ పద్దులో సెస్సు వసూళ్ల కింద కనిపిస్తుంది, అంతే.

దీని ఫలితం మన ఆడవాళ్ల ఒంట్లో ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. కడుపు నిండా అన్నం దొరికిన రాష్ట్రాల్లో సగానికి మించిన ఆడవాళ్లకు రక్తం చాలడం లేదు. దీనికి కారణాలు అనేకం, కూర ఒక్కటే కాదని నాకూ తెలుసు. కానీ కంచంలో అన్నం పెరిగి కూర తగ్గితే ఏమవుతుందో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉంది.

ఆ సంస్థ సిఫార్సునే లెక్కగా తీసుకుందాం. పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. 2011 జనాభా లెక్కల నాటికే గ్రేటర్ హైదరాబాద్‌లో 67 లక్షల మంది ఉన్నారు. పిల్లల్ని, ముసలివాళ్లను కూడా అదే లెక్కలో కలిపితే రోజుకు 2,680 టన్నుల కూరగాయలు, 670 టన్నుల పండ్లు. పది టన్నుల లారీలైతే కూరగాయలకే 268 లారీలు, ప్రతి రాత్రీ రావాలి. ఇది పదిహేనేళ్ల కిందటి జనాభా. ఈ బళ్లు ఎక్కడ ఆగాలి, ఎవరు దించాలి, ఎవరు ధర కట్టాలి, మిగిలింది ఎక్కడ పెట్టాలి? నగరానికి మాస్టర్ ప్లాన్ గీసేవాళ్లు నీళ్లకు లెక్క వేస్తారు, కరెంటుకు లెక్క వేస్తారు. ఈ లెక్క ఎవరు వేయాలి?

మార్కెట్ ఎలా నడుస్తుందో తెలియనివారు ఈ సభలో కొందరైనా ఉంటారు కాబట్టి కాస్త దగ్గరగా చూపిస్తాను. నగరంలోని బోయినపల్లి కూరగాయల యార్డుకు అర్ధరాత్రి దాటాక డీసీఎం వ్యాన్లు రావడం మొదలవుతుంది. టమాటా ట్రేలు దిగుతాయి, పచ్చిమిర్చి సంచులు దిగుతాయి, తడి గోనె కప్పిన కొత్తిమీర దిగుతుంది. తెల్లవారకముందే ధర తేలిపోవాలి, ఎందుకంటే మారుబేరగాళ్లు ఆటోల్లో సరుకు వేసుకుని ఏడింటికల్లా బస్తీల్లో ఉండాలి. తోపుడు బండి నడుపుకునే ఆవిడ ఒక ట్రే టమాటా, అయిదు కిలోల బెండకాయ, నాలుగు రకాల ఆకుకూర కొంటుంది. ఆమె పెట్టుబడి వడ్డీకి తెచ్చిన డబ్బు, సాయంత్రానికి తిరిగి కట్టాలి. పొద్దు వాలేకొద్దీ ఆమె ధర తగ్గిస్తుంది. నగరంలో కూలి డబ్బు చేతికొచ్చాక కూర కొనేవాళ్లంతా ఆ తగ్గిన ధర కోసమే చూస్తారు. అంటే తెల్లవారుజామున యార్డులో ఒక ట్రే మీద పెరిగిన ఇరవై రూపాయలు, రాత్రి ఎనిమిదింటికి ఏ బస్తీలోనో ఒక ఇంట్లో కూర లేకుండా చేస్తాయి. నగర ఆహార భద్రత అంటే నాకు తెలిసిన అర్థం ఇదే. టోకు మార్కెట్ బాగు చేయడమంటే ఆ రాత్రి ఎనిమిదింటి కొనుగోలుదారును బాగు చేయడం.

ఇక మనం ఏం చేశామో చూద్దాం. హైదరాబాద్ పండ్ల మార్కెట్ ఒకప్పుడు జాంబాగ్‌లో ఉండేది. ఇరుకైపోయిందని 1986లో గడ్డిఅన్నారం తరలించారు. జనం కొత్తపేట పండ్ల మార్కెట్ అన్నది దాన్నే. 22 ఎకరాలు. అప్పటికి అది ఊరి బయట. తర్వాత ఊరు దాన్ని దాటి, హయత్‌నగర్ దాటి ఎంతో దూరం పోయింది. మామిడి కాలంలో విజయవాడ రోడ్డు మీద రాత్రంతా లారీలు బారులు తీరేవి. మార్చాలన్నది నిజమే, అందులో వాదన లేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన కోహెడలో స్థలం చూశారు. 2020 వేసవిలో కరోనా రద్దీ తప్పించడానికి హడావుడిగా అక్కడికి పంపి, తాత్కాలికంగా రేకుల షెడ్లు వేశారు. మే మొదటి వారంలో గాలివాన వచ్చింది. షెడ్లు కూలాయి, మనుషులకు గాయాలయ్యాయి, మామిడి మట్టిపాలయింది. మళ్లీ గడ్డిఅన్నారం. తర్వాత 2021లో అక్కడా మూసి, ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చి, మార్కెట్‌ను బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కుకు పంపారు. అదీ తాత్కాలికమే అన్నారు.

ఆసుపత్రి కావాలి. దాన్ని తప్పుపట్టే మనిషిని కాను. కానీ కొత్త మార్కెట్ కట్టకుండా పాత మార్కెట్ తీసేయడం తప్పు, ఈ మాట నేను గట్టిగా చెబుతాను. తరలింపు అంటే దుకాణాల చిరునామా మారడంగా లెక్కేశారు. నిజానికి ఒక మార్కెట్ చుట్టూ బతుకులు అల్లుకుని ఉంటాయి. హమాలీ ఇల్లు యార్డుకు నడిచిపోయే దూరంలో ఉంటుంది. తెల్లవారుజామున రెండింటికి బస్సు ఉండదు మరి. గడ్డి పరిచే పనికి, కాయ ఏరే పనికి వచ్చే ఆడవాళ్లు దగ్గరి బస్తీలవాళ్లే. తోపుడు బండికి సరుకు తెచ్చే ఆటో కిరాయి దూరాన్ని బట్టి పెరుగుతుంది. ఆ కిరాయి ఎక్కడికీ పోదు, మనం కొనే కిలో మీదికే వస్తుంది.

ఇదే తరలింపును మరోలా చేసినవాళ్లున్నారు. ఫ్రాన్స్ వాళ్లు పారిస్ నడిబొడ్డున ఉన్న లేజాల్ మార్కెట్‌ను రుంజీస్‌కు మార్చారు. ఎమిల్ జోలా ఆ పాత మార్కెట్ మీద 1873లో నవలే రాశాడు, అంత పాతుకుపోయిన చోటు. మార్చాలని అనుకోవడానికి, మార్చడానికి మధ్య దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో కొత్త మార్కెట్ కట్టారు, రైలు మార్గం తెచ్చారు, హైవేలకు కలిపారు, దాన్ని నడపడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. అన్నీ సిద్ధమయ్యాక 1969లో ఫిబ్రవరి చివర, మార్చి మొదట కొద్ది రోజుల్లో మార్కెట్ మొత్తం తరలిపోయింది. రుంజీస్ ఇవాళ 234 హెక్టార్లు. పాత చోటును పోగొట్టుకున్నామని పారిస్ వాళ్లు ఇప్పటికీ బాధపడతారు, కానీ కూరగాయ ఆగలేదు.

జపాన్ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. 1918లో అక్కడ బియ్యం ధరలు మండిపోయి దేశమంతా అల్లర్లు జరిగాయి, ప్రభుత్వమే పడిపోయింది. ఆ దెబ్బ తిన్న దేశం 1923లో కేంద్ర టోకు మార్కెట్ల చట్టం చేసింది. నగరాల్లో టోకు మార్కెట్లు పెట్టడం ప్రభుత్వ సంస్థల పని, అందులో ధర బహిరంగంగా తేలాలి అన్నది దాని సారం. మొదటిది 1927లో క్యోటోలో వచ్చింది. టోక్యోలో చేపల మార్కెట్‌గా లోకమంతా చెప్పుకున్న సుకిజి 1935 నాటిది. దాన్ని తొయోసుకు మార్చాలనుకున్నప్పుడు, ఆ స్థలం వెనుకటి గ్యాస్ కర్మాగారానిదనీ, భూమిలో, భూగర్భ జలంలో విషాలున్నాయనీ గొడవ వచ్చింది. 2016 నవంబరులో మారాల్సిన మార్కెట్‌ను ఆపి, శుద్ధి పనులు చేసి, 2018 అక్టోబరులో మార్చారు. కట్టిన భవనం ఖాళీగా పడి ఉన్నా సరే, తినే సరుకు విషయంలో రెండేళ్లు ఆగారు. అలా ఆగగలగడం కూడా ఆధునికతే.

ఆధునిక మార్కెట్ అనగానే మనవాళ్లు ముందు కట్టడం గీస్తారు. పెద్ద కమాను, గాజు అద్దాలు, చల్లటి ఆఫీసు. సెక్రటరీ గారు మూడు విషయాలు చూసేవారు: ధర ఎలా తేలింది, తూకం ఎలా పడింది, డబ్బు ఎప్పుడొచ్చింది. ఈ మూడూ చక్కబడితే చెట్టు కింద నడిచినా అది ఆధునిక మార్కెట్టే. ఇవి చక్కబడకపోతే విమానాశ్రయంలా కట్టినా పాత మండీయే.

ముందు ధర. పండ్ల మార్కెట్లలో తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని బేరం చేసే పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. ఏజెంటుకు, ఖరీదుదారుకు తప్ప మూడోవాడికి ఆ ధర తెలియదు. పక్కనే నిలబడ్డ రైతుకూ తెలియదు, ఆ సరుకు అతనిదే అయినా. బహిరంగ వేలం పాట పెట్టాలని చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది. హైదరాబాద్ సంస్థానంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం 1930లో వచ్చింది, మద్రాసు వైపు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం 1933లో వచ్చింది, ఉమ్మడి రాష్ట్రానికి 1966లో ఒకే చట్టం చేసుకున్నాం. చట్టాలకు లోటు లేదు. తువ్వాలు తీసేయించే మనిషి యార్డులో రోజూ నిలబడకపోవడం అసలు లోటు.

తర్వాత తూకం. నల్గొండ బత్తాయి రైతును తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, చూపించమని అడగండి. పైన సరుకు బరువు ఉంటుంది, దాని కింద తరుగు. టన్నుకు ఇంత అని ముందే కోసేస్తారు. అది కాయ చెడినందుకు కాదు, ఆనవాయితీ. తర్వాత కమీషన్, హమాలీ, కిరాయి. చివర చిన్న అక్షరాల్లో గతంలో తీసుకున్న బాకీ. ఆ చీటీని చదవడం వచ్చినవారికి మన మార్కెటింగ్ చరిత్ర మొత్తం అందులో కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాక తూకం మోసం తగ్గింది, కానీ తరుగు కాంటాలో పడదు, కలంతో పడుతుంది. దాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇస్తే చాలదు. నాణ్యతను బట్టి కాయను ముందే వేరుచేసే గ్రేడింగ్ లైను యార్డులో ఉంటే, చెడ్డ కాయ పేరు చెప్పి మంచి కాయను కోసే అవకాశం పోతుంది.

మూడోది డబ్బు, అన్నిటికంటే కష్టమైనది. కమీషన్ ఏజెంటును తిట్టడం సులభం. కానీ ఆయన చేసే ఒక పనిని మరెవరూ చేయడం లేదు. పంట వేసేటప్పుడు రైతుకు అడ్వాన్సు ఇస్తాడు, మారుబేరగానికి సరుకు అప్పుగా ఇస్తాడు. ఇటు రైతు, అటు తోపుడు బండి, ఇద్దరూ ఆయన అప్పు మీద నడుస్తారు. అందుకే రైతు పక్క దుకాణంలో ఎక్కువ ధర పలికినా అక్కడికి పోలేడు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ వచ్చింది. నిజామాబాద్ పసుపుకు అది కొంత మేలు చేసింది, ఎందుకంటే పసుపు ఆగుతుంది. దేశంలో ఎక్కడో ఉన్న కొనుగోలుదారు తెర మీద ధర వేసేదాకా టమాటా ఆగదు. అప్పు పెట్టిన చేయి వదలదు. కొత్త మార్కెట్‌లో బ్యాంకు శాఖ ఒకటి పెట్టి రిబ్బను కత్తిరిస్తే సరిపోదు. తెల్లవారుజామున మూడింటికి తోపుడు బండి ఆవిడకు రెండు వేలు ఇచ్చి, రాత్రి తొమ్మిదింటికి తిరిగి కట్టించుకునే కౌంటరు కావాలి. మన మహిళా పొదుపు సంఘాలకు ఈ పని చేతనవును. వాటిని యార్డు లోపలికి పిలిచినవారు లేరు.

రిజర్వ్ బ్యాంకు 2024లో ప్రచురించిన అధ్యయన పత్రాల ప్రకారం మనం పెట్టే రూపాయిలో రైతుకు చేరేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37. మిగిలిందంతా దళారీ మింగాడనుకుంటే పొరపాటు. కిరాయి ఉంది, చిల్లర వ్యాపారి శ్రమ ఉంది, కుళ్లిపోయింది ఉంది. కుళ్లు చిన్నదేం కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2015లో ఇచ్చిన లెక్కలో టమాటా నష్టం 12.44 శాతం, జామ 15.88 శాతం. టమాటా ఎనిమిది ట్రేలు పండిస్తే ఒకటి ఎవరి కంచంలోకీ రాదు.

2023 జూలై గుర్తుందా? మదనపల్లె యార్డులో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి పోయింది. రెండు నెలలు తిరక్కుండా అదే టమాటాను మన రాయలసీమ రైతులే రోడ్డు పక్కన పారబోశారు. శీతల గిడ్డంగి ఉంటే ఇది పూర్తిగా ఆగిపోతుందని నేను చెప్పను. టమాటాను నెలల తరబడి దాచలేం. అయితే నాలుగైదు రోజులు ఆపగలిగినా ధరలోని ఈ కుదుపు కొంత సర్దుకుంటుంది. గుంటూరు చుట్టూ ఉన్న శీతల గిడ్డంగులు మిర్చి టిక్కీలతో నిండి ఉంటాయి. కూరగాయలకు కావలసినది వేరు, యార్డులోనే చిన్న చిన్న చల్లటి గదులు, రోజు అద్దెకు, ఒక రైతు ఇరవై ట్రేలు పెట్టుకోగలిగేవి. అలాగే కాయ పండించే ఎథిలీన్ గదులు. కార్బైడ్ పొట్లాలతో కాయ పండించడంపై నిషేధం కాగితం మీద ఉంది. చౌకగా పండించుకునే గది యార్డులో దొరికితే తప్ప ఆ పొట్లాలు పోవు.

వ్యర్థాల గురించి ఒక్క మాట. బోయినపల్లిలో రోజుకు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ తీసేలా కట్టిన ప్లాంటు ఉంది. మన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పరిజ్ఞానం అది. 2021లో ప్రధాని తన రేడియో ప్రసంగం మన్ కీ బాత్‌లో కూడా ప్రస్తావించారు. ప్రతి యార్డులో దీన్ని పెట్టకపోవడానికి నాకైతే కారణం కనిపించదు.

ఇంకో హెచ్చరిక చేయాలి. ఎంత మంచి మార్కెట్ అయినా ఒక్కటే ఉంటే ప్రమాదం. చెన్నై కోయంబేడు చూడండి. కొత్వాల్ చావడి పాత మార్కెట్ ఇరుకు నుంచి బయటపడి 1996లో ప్రారంభమైన ఆ మార్కెట్‌కు మన పలమనేరు, మదనపల్లె వైపు రైతులు ఏళ్ల తరబడి సరుకు పంపుతున్నారు. 2020 మేలో అక్కడ కరోనా పాకి మార్కెట్ మూతపడింది. తిరుమళిసైలో తాత్కాలికంగా తెరిచి, సెప్టెంబరు చివర గానీ మళ్లీ కోయంబేడు తెరవలేదు. చెన్నైలో కూరల ధర ఎగిరింది, ఇటు మన పొలాల్లో కాయ తీగ మీదే పండిపోయింది. ఒక్క గేటు మూస్తే రెండు రాష్ట్రాలు ఇబ్బంది పడ్డాయి. కాబట్టి కోహెడలో ఎంత పెద్దది కట్టినా బోయినపల్లి ఉండాలి, గుడిమల్కాపూర్ ఉండాలి, మోండా మార్కెట్ ఉండాలి, 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు ఉండాలి. పెద్ద మార్కెట్ వచ్చిందని చిన్నవాటి స్థలాల మీద కన్ను పడే రోజు వస్తుంది. ఆ రోజు అడ్డుపడటానికి మనం సిద్ధంగా ఉండాలి.

సభలో మార్కెటింగ్ శాఖ అధికారులున్నారు, పట్టణ ప్రణాళిక శాఖవాళ్లూ వచ్చారని విన్నాను. మీ చేతుల్లో కొత్త మార్కెట్ల డ్రాయింగులు ఉంటాయి. వాటిలో హమాలీలు నిద్రపోయే గది ఎక్కడుందో చూడండి. ఆడవాళ్ల మరుగుదొడ్డి సరుకు దిగే ప్లాట్‌ఫామ్‌కు ఎంత దూరమో చూడండి. అర్ధరాత్రి బస్సు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఒక్క ట్రే కొనేవారికి గేటు రుసుము ఎంత పెట్టారో చూడండి. ఇవి లేకపోతే టెండరు పిలవకండి. పిలిచే ముందు హమాలీ సంఘాన్ని, దడవాయిలను, తోపుడు బండ్లవాళ్లను, ఒక బత్తాయి రైతును, ఒక ఆకుకూరల రైతును కూర్చోబెట్టి ఆ డ్రాయింగు వాళ్లకు విడమరచి చెప్పండి. వాళ్లు మార్చమన్నది మార్చండి. కొత్త యార్డులో ఒక మామిడి కాలం పూర్తిగా నడిచాక గానీ పాత యార్డు తాళం వేయకండి. సెక్రటరీ గారి పేరిట మిమ్మల్ని నేను కోరేది ఇదే.